కార్డుల సంతలో ఒక ఒట్టు

నా టేబుల్ ముందుకొచ్చి నిలబడేవాళ్ళు ముందు నన్ను చూడరు. నా భుజం మీదుగా వెనక్కి చూస్తారు. అసలు యజమాని ఎవరో మగవాడు అక్కడ ఉంటాడని, ఆయన కాఫీకి వెళ్తే కాసేపు కాపలా కూర్చున్న భార్యనని వాళ్ళ లెక్క. ఇన్ని షోలు తిరిగాక దానికి కోపం తెచ్చుకోవడం మానేశాను. వాళ్ళు చూసే చోట నిజంగానే మా ఆయన కూర్చుని ఉంటారు. ధర ఎంతని ఆయన్నే అడుగుతారు. ఆయన నాకేసి చూపిస్తారు. అప్పుడు నేను చెబుతాను, వాళ్ళు అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువే చెబుతాను.

నేను అమ్మేవి ఆటగాళ్ళ కార్డులు. బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ ఆడేవాళ్ళ బొమ్మలున్న అట్టముక్కలు. మనవాళ్ళకి ఈ సంగతి చెప్పడం తలకు మించిన పని. చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో పాటు క్రికెటర్ల బొమ్మలు వచ్చేవి, అవేనా అని అడుగుతారు. అవే. కాకపోతే మనం వాటిని నిక్కరు జేబులో కుక్కి నలిపేసేవాళ్ళం, వీళ్ళు గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేయించి బ్యాంకు లాకర్లో దాస్తారు. కొన్నిటి మీద ఆటగాడి సంతకం ఉంటుంది. ఇంకొన్నిటిలో అతను ఆటలో వేసుకున్న చొక్కాలోంచి కత్తిరించిన గుడ్డముక్క అతికించి ఉంటుంది. అలాంటిదొకటి మా అమ్మకి వీడియో కాల్లో చూపించి ధర చెబితే, ఆ చొక్కా ఉతికాకే కత్తిరించారా అని అడిగింది.

ఈ కార్డులు కొనడానికి రెండు దారులున్నాయి. ఫలానా కార్డు కావాలని ఎంచుకుని, బేరమాడి, విడిగా కొనుక్కోవడం ఒకటి. నా వ్యాపారం అది. రెండోది, సీలు వేసిన బాక్స్ కొని తెరవడం. లోపల ఏ కార్డులున్నాయో తెరిచేదాకా అమ్మినవాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు. చాలా బాక్సుల్లో చిత్తుకాగితం ఖరీదు చేయనివే ఉంటాయి. ఎక్కడో ఒకదాంట్లో కారు ఖరీదు చేసేది ఉంటుంది. మా ఆయనది ఈ రెండో దారి. ఆయన తెరుస్తారు, దొరికినవాటిని నేను అమ్మి, పోయినదాంట్లో కొంతైనా వెనక్కి రాబడతాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, నా వ్యాపారం అలాగే మొదలైంది.

మా పెళ్ళిచూపులప్పుడు మా నాన్న నాలుగు చోట్ల విచారించి మరీ ఒప్పుకున్నారు. సిగరెట్ లేదు, మందు లేదు, పేకాట లేదు. ఏ అలవాట్లూ లేని కుర్రాడని మా ఇంటిల్లిపాదికీ ఆయన మీద భరోసా. ఈ దేశం వచ్చి ప్లెయిన్స్‌బరోలో కాపురం పెట్టాక కూడా ఆ మాట నిజమే అయింది. తలా ఒక వంట తెచ్చుకునే వీకెండ్ పాట్‌లక్‌లలో మగవాళ్ళంతా రమ్మీకి కూర్చుంటే ఈయన పిల్లలతో క్యారమ్స్ ఆడేవారు. నువ్వు అదృష్టవంతురాలివే అని తక్కిన ఆడవాళ్ళు నాతో అనేవారు. నేనూ అలాగే అనుకున్నాను. మన దగ్గర అలవాటంటే సీసా, పేకముక్క, సిగరెట్ పెట్టె. మెరిసే కాగితం చుట్టిన బాక్స్ ఆ జాబితాలో లేదు. దాన్ని ఎవరూ విచారించరు.

ఆఫీసులో ఎవరో కొలీగ్ లంచ్ టైంలో సరదాగా ఒక ప్యాకెట్ చేతిలో పెట్టి తెరవమన్నాడట. అందులో మంచి కార్డు వచ్చింది. ఆ సాయంత్రం దాన్ని ఇంటికి తెచ్చి దేవుడి అలమరలో పెట్టారు. పెట్టినవాడికి బుద్ధి లేకపోతే నాకైనా ఉండాలి కదా, నేనూ దణ్ణం పెట్టుకున్నాను. తర్వాత ప్యాకెట్లు బాక్సులయ్యాయి. బాక్సులు అట్టపెట్టెలయ్యాయి. గరాజ్‌లో కారు పట్టకుండా పోయింది. ఉద్యోగంలోంచి తీసేసిన రోజు కూడా ఇంటికి వచ్చే దారిలో ఒక బాక్స్ కొనుక్కుని వచ్చారు. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలంటారు కదా అన్నారు. సామెతలు మనిషిని బాగుచేయగా నేనెక్కడా చూడలేదు.

ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట మొదటే చెప్పాలి, లేకపోతే ఈ కథ అందరికీ తేలికైపోతుంది. నాకు ఒంట్లో బాగాలేకపోతే తలకి నూనె పెట్టేవారు ఆయనే. మా పాపని రోజూ స్విమ్మింగ్‌కి తీసుకెళ్ళి, అది నీళ్ళలో ఉన్నంతసేపూ కుర్చీలో కూర్చోకుండా గట్టు మీదే నిలబడేవారు, ఏమైనా అయితే దూకడానికి. ఆయనకి ఈత రాదు.

మానేస్తానని ఎన్నిసార్లు అన్నారో లెక్క లేదు. తన తల మీద ఒట్టు పెట్టుకున్నారు. చనిపోయిన తన తండ్రి మీద పెట్టారు. అన్నీ ఒట్టు తీసి గట్టున పెట్టడమే. చివరికి నేనొక నిర్ణయానికొచ్చాను. షికాగో పక్కన ప్రతి కార్డుల వ్యాపారీ వచ్చే పెద్ద షో ఒకటి జరగబోతోంది. ఫుట్‌బాల్ మైదానాలు కొన్ని పక్కపక్కన పరిచినంత హాలు. అక్కడ టేబుల్ తీసుకుని గరాజ్‌లో ఉన్నదంతా అమ్మేసి, ఈ కార్డుల మొహం మళ్ళీ చూడకూడదని. మా దగ్గర నిజంగా ఖరీదైనది ఒకటే ఉంది. సంతకం, చొక్కా ముక్క రెండూ ఉన్న ఒక కుర్ర ఆటగాడి కార్డు. ఆయన బాక్స్‌లోంచే వచ్చింది. మిగతా సరుకంతా ఒక ఎత్తు, అదొకటీ ఒక ఎత్తు. దాన్నీ అమ్మేయాలని ఇద్దరం అనుకున్నాం.

దేశానికి ఆ చివర, రెడ్‌మండ్‌లో మా అక్క ఉంటుంది. అక్కా బావా ఇద్దరూ సాఫ్ట్‌వేరే. కింద గది ఖాళీగా ఉంది, పిల్లని తీసుకుని వచ్చేయ్, స్కూలు దగ్గరే, నీకు ఏదో ఒక ఉద్యోగం చూద్దాం అని ఏడాదిగా చెబుతోంది. షోకి బయల్దేరేముందు నేను రెండు టికెట్లు బుక్ చేశాను. నాకొకటి, పాపకొకటి. వాటిని ఫోన్‌లో ఆయనకి చూపించాను. ఈ షోలో మీరు ఒక్క బాక్స్ తెరిచినా మేమిద్దరం వెళ్ళిపోతాం, లేదంటే ఇవి క్యాన్సిల్ చేస్తాను అని చెప్పాను. ఆయన ఆ స్క్రీన్ కేసి చూశారు. మూడో టికెట్ లేదేమని కూడా అడగలేదు.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. బయల్దేరే రోజు పొద్దున్నే ఆయన స్నానం చేసి దేవుడి అలమర ముందు నిలబడ్డారు కదా అని, పాలు పోసుకుని సీరియల్ తింటున్న పాపని పిలుచుకొచ్చి ఆయన ముందు నిలబెట్టాను. దాని తల మీద చెయ్యి పెట్టి చెప్పమన్నాను.

ఆయన మొహం పాలిపోయింది. "దాని తల మీదెందుకు? నా తల మీద వేస్తాను," అన్నారు.

"మీ తల మీద వేసినవి చాలా అయ్యాయండీ," అన్నాను.

నేను ఫార్మసీ చదివినదాన్ని. పిల్లి ఎదురొస్తే నవ్వుకునేదాన్ని. నాకా ఒట్టుల మీద నమ్మకం లేదు, ఆయనకుందని తెలుసు. తెలిసే ఆ పని చేశాను. ఆయన పాప తల మీద చెయ్యి ఆనించీ ఆనించకుండా పెట్టి, ఈ షోలో నేను ఒక్క బాక్స్ కూడా తెరవను అన్నారు. ఏడో క్లాసు పిల్ల, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఇది వియర్డ్‌గా ఉందమ్మా అని, తెరిస్తే ఏమవుతుందని అడిగింది. తెరవరు కాబట్టి ఏమీ అవదు అన్నాను. తెరిస్తే మనం పెద్దమ్మ దగ్గరికి వెళ్ళిపోతామని కూడా చెప్పాను. దానికి రెడ్‌మండ్ ఇష్టం లేదు. దాని స్నేహితులు, దాని స్విమ్ టీమ్ అన్నీ ఇక్కడే. తల సవరించుకుని వెళ్ళి సీరియల్ తింది. దాన్ని మా కాంప్లెక్స్‌లోనే ఉండే నా స్నేహితురాలింట్లో వదిలి ఇద్దరం బయల్దేరాం.

మొదటి రోజు బాగా గడిచింది. తలుపులు తెరవగానే ఒక తాత మనవరాలి కోసమని చిన్న కార్డు అడిగి, సగం ధరకిమ్మన్నాడు. బోణీ బేరం కాదనకూడదని ఇచ్చేశాను. ఆ నోటు కళ్ళకద్దుకుంటే పక్క టేబుల్ ముసలాయన విచిత్రంగా చూశాడు. ఆయన పాతకాలం బేస్‌బాల్ కార్డులు అమ్ముతాడు, భార్య పోయాక ఒక్కడే వ్యాన్‌లో షోలు తిరుగుతాడు. ఒకరు బాత్‌రూమ్‌కి వెళ్తే పక్కవాళ్ళు టేబుల్ చూసుకోవడం ఈ వ్యాపారంలో మర్యాద. మేమిద్దరం అలా ఒకరికొకరం కాపలా కాసుకున్నాం.

మా ఆయన నా వెనక కుర్చీలో చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. హాలుకి ఆ చివర బాక్సులు అమ్మేవాళ్ళ స్టాళ్ళు ఉంటాయి. కొన్నవాళ్ళు అక్కడే నిలబడి తెరుస్తారు, చుట్టూ జనం మూగుతారు. ఏదైనా మంచి కార్డు వస్తే ఒక్కసారిగా అరుపులు. ఆ అరుపు మా దాకా వినిపించేది. వినిపించిన ప్రతిసారీ ఆయన మెడ అటు తిరిగేది. పక్కగదిలో పసిబిడ్డ ఏడిస్తే తల్లి తల తిరిగినట్టే. తిరిగి, నేను చూస్తున్నానని గమనించి, మళ్ళీ నేల చూపులు చూసేవారు. నాకు ఆయన మీద ప్రేమ పొంగింది. పెళ్ళయిన కొత్తలో కూడా అంత ప్రేమ వేసిందో లేదో.

రెండో రోజు మధ్యాహ్నం ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తిన్నాం. ముసలాయనకి కాస్త పెడితే ఎండుమిరపకాయ కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మా ఆయన నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. సాయంత్రం ఒక పెద్ద వ్యాపారి వచ్చి మా ఖరీదైన కార్డు చేతిలోకి తీసుకున్నాడు. ఒకరు కార్డు చేత్తో పట్టుకుని బేరమాడుతున్నంతసేపూ ఇంకొకరు మధ్యలో రాకూడదు, అదొక కట్టుబాటు. ఆయన తిప్పి తిప్పి చూసి, టార్చి వేసి చూసి, ఒక మాట చెప్పాడు. నేనొక మాట చెప్పాను. చివరికి కలిసింది. రేపు పొద్దున వచ్చి తీసుకుంటానని చెయ్యి కలిపాడు. ఈ హాల్లో చెయ్యి కలిపాక మాట తప్పినవాళ్ళతో ఎవరూ వ్యాపారం చేయరు. కాగితం అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు.

ఆ సాయంత్రం సామాన్లు సర్దుతూ రెడ్‌మండ్ టికెట్లు క్యాన్సిల్ చేసేద్దామా అనుకున్నాను. ఇంకెంత, రేపు ఆ కార్డు వెళ్ళిపోతే అయిపోయినట్టే. ఆశ లావు పీక సన్నం అని మా అమ్మమ్మ అనేది. కనీసం కార్డు చేతులు మారేదాకా ఆగుదామని ఆగాను.

మూడో రోజు శనివారం. జనం ఎంతలా వచ్చారంటే షోకేస్ అద్దాల మీద మోచేతులు ఆనించి తోసుకుంటున్నారు. పొద్దున కాస్త రద్దీ తగ్గినప్పుడు బాత్‌రూమ్‌కని వెళ్ళాను. ఆడవాళ్ళ లైన్ చిన్నదే, ఆ హాల్లో మాకున్న ఒకే ఒక్క సుఖం అది. తిరిగొచ్చేసరికి ఆయన లేరు. కాఫీకి వెళ్ళారేమో అనుకున్నాను. ఇంతలో నిన్నటి వ్యాపారి వచ్చాడు. నేను టేబుల్ కింద ఉన్న ఇనుప పెట్టె తీసి తాళం తిప్పాను. పెట్టె ఖాళీగా ఉంది.

దాని తాళంచెవులు రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి ఆయన దగ్గర. నేను లేనప్పుడు ఎవరైనా ఆ కార్డు చూడాలంటే కావాలి కదా అని నేనే ఇచ్చాను.

పక్క టేబుల్ ముసలాయన గొంతు సవరించుకున్నాడు. మీ ఆయన తీసుకుని అటు వెళ్ళాడు, నీకు తెలుసనుకున్నాను అన్నాడు. అటు అంటే బాక్సుల స్టాళ్ళ వైపు. ఈ షోల్లో కార్డు ఇచ్చి సరుకు తీసుకోవడం మామూలే. డబ్బు చేతులు మారనక్కర్లేదు. ముసలాయన్ని టేబుల్ చూడమని, వ్యాపారిని కాస్త ఆగమని చెప్పి, జనాన్ని తోసుకుంటూ అటు నడిచాను. నడుస్తున్నంతసేపూ ఒకటే అనుకున్నాను: కార్డు పోతే పోయింది, తెరవకుండా ఉంటే చాలు. దాని తల మీద చెయ్యి పెట్టినవాడు తెరవడు. నాకు నమ్మకం లేదని చెప్పాను కదా. నడక పరుగయ్యాక తెలిసింది, ఉందని.

ఒక స్టాల్ ముందు జనం గుండ్రంగా మూగి ఉన్నారు. సందు చేసుకుని లోపలికి చూశాను. మధ్యలో మడత టేబుల్. దాని మీద బాక్సులు పేర్చి ఉన్నాయి. కింద కార్పెట్ మీద చించిన మెరుపు కాగితాలు. మా ఆయన ఆ టేబుల్ ముందు నిలబడి ఉన్నారు. చేతులు రెండూ వీపు వెనక పెట్టుకుని, ఎడమ చేత్తో కుడి చేతి మణికట్టు గట్టిగా పట్టుకుని ఉన్నారు. బాక్సులు తెరుస్తున్నది ఆయన కాదు.

టీమ్ జెర్సీ వేసుకున్న భారీ మనిషి ఒకడు, జనంలోంచి మా ఆయన పిలిచిన ఎవరో ముక్కూమొహం తెలియనివాడు, చిన్న బ్లేడుతో బాక్సులు కోస్తున్నాడు. ప్యాకెట్ చించి ఒక్కొక్క కార్డూ పైకెత్తి చూపిస్తున్నాడు. మా ఆయన మెడ ముందుకు చాచి చూసి, తల అడ్డంగా ఊపుతున్నారు. ఇంకొకటి. మళ్ళీ తల ఊపుతున్నారు. ఒకసారి ఆ మనిషి చేతిలోంచి ఒక కార్డు జారి మా ఆయన మీదికి ఎగిరొచ్చింది. నిప్పురవ్వ తన మీద పడబోతున్నట్టు ఆయన వెనక్కి గెంతారు. పక్కన ఎవరో నవ్వారు. కింద పడ్డ కార్డు తీయడానికి కూడా ఆయన వంగలేదు. జెర్సీ మనిషే వంగి తీశాడు.

"ఏవండీ," అన్నాను.

ఆయన తిరిగి చూశారు. దొంగతనం చేస్తూ దొరికినవాడి మొహం కాదది. అదే అయితే నాకు తెలుసు, చాలాసార్లు చూశాను. ఇది మాట నిలబెట్టుకున్నవాడి మొహం.

"నేను ముట్టుకోలేదు," అన్నారు. "కావాలంటే ఈయన్ని అడుగు. ఒక్కటి కూడా నా చేత్తో తెరవలేదు. దానికేం కాదు. నేను జాగ్రత్తగానే ఉన్నాను."

ఒళ్ళు మండిపోయింది. అందరి ముందూ చెంప పగలగొట్టాలనిపించింది. ఆ మంటలోనే జాలి కూడా వేసింది, అది నన్ను ఇంకా మండించింది. ఈ మనిషి కూతురి మీద బెంగతో చేతులు కట్టుకున్నాడు. కట్టుకున్న చేతులతోనే ఉన్నదంతా ఊడ్చేస్తున్నాడు. రెండూ నిజమే. ఆ రెండిటిలో ఏదో ఒకటి అబద్ధమైతే నేను అక్కడికక్కడే తేల్చుకునేదాన్ని.

"ఇంటికి పోదాం రండి," అన్నాను.

టేబుల్ మీద ఇంకా రెండు బాక్సులు మిగిలాయి. జెర్సీ మనిషి బ్లేడు పట్టుకుని, తెరవమంటారా వద్దా అన్నట్టు మా ఆయన వైపు చూశాడు. ఆయన నన్ను చూశారు. తర్వాత బాక్సుల్ని చూశారు. నా కళ్ళ ముందే, చేతులు వెనక్కి అలాగే పట్టుకుని, తెరవమన్నట్టు అతనికి తల ఊపారు.

నేను అక్కడ నిలబడలేదు. టేబుల్ దగ్గరికొచ్చి వ్యాపారికి కార్డు లేదని చెప్పాను. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. నా మొహం చూసి, వెనక ఖాళీ కుర్చీ చూసి, వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి చుట్టుపక్కల వరసల్లో అందరికీ తెలిసిపోయింది. వచ్చినవాళ్ళు కార్డులు చూస్తున్నారు గానీ చేతిలోకి తీసుకోవడం లేదు.

ముసలాయనకి టేబుల్ అప్పగించి, ఫోన్ తీసుకుని బయటికి నడిచాను. హాలు పక్కన ట్రక్కులు సామాను దింపే చోటు ఉంది. అక్కడ ఎండలో నిలబడ్డాను. ప్లెయిన్స్‌బరోలో నా స్నేహితురాలికి ఫోన్ చేసి, పాప బట్టలు సర్దిపెట్టమని చెప్పాలి. మేం రెడ్‌మండ్ వెళ్తున్నామని చెప్పాలి. నాకిక ఏ సందేహమూ లేదు. ఆయన చేత్తో తెరిస్తేనేం, ఇంకొకడి చేత్తో తెరిపిస్తేనేం. నాకు కావలసిన జవాబు ఆ తల ఊపులో దొరికింది.

స్నేహితురాలు వరంగల్ మనిషి. నేను నోరు తెరవకముందే ఆవిడే మొదలుపెట్టింది.

"వదినా, నేనే ఫోన్ చేద్దామనుకుంటున్న. మీ బిడ్డ మీరు పోయిన కాడి నుంచి బయట అడుగు పెడతలేదు. పూల్‌కి పోదాం అంటే వద్దంటది. సైకిల్ వద్దంటది. మెట్లు దిగేటప్పుడు సుత రెండు చేతులతోటి రెయిలింగ్ పట్టుకొని దిగుతది. జ్వరమేమో అని చూసిన, లేదు. గట్టిగ అడిగితే, అమ్మ వచ్చేదాక నా తల జాగ్రత్తగ చూసుకోవాలె అంటది. ఏందది వదినా?"

ఏమీ లేదు, ఫోన్ దానికివ్వమన్నాను. ఎదురుగా ట్రక్కు ఒకటి వెనక్కి వస్తూ బీప్ బీప్ అంటోంది. ఈత పోటీల కోసం కలలు కనే పిల్ల, వేసవి సెలవుల్లో, ఎదురుగా పూల్ పెట్టుకుని గదిలో కూర్చుంది. తండ్రి ఎక్కడో ఒక బాక్స్ తెరిస్తే తను మునిగిపోతుందని. ఆయన భయం, నా కోపం, మధ్యలో దాని తల. దాన్ని పిలిచి అక్కడ నిలబెట్టింది నేను.

"అమ్మా?" అంది. "నాన్న బాక్స్ ఓపెన్ చేశాడా?"

చేశారు అంటే ఏమవుతుందో నాకు తెలుసు. అది ఇక నీళ్ళలో దిగదు. రెడ్‌మండ్‌లోనూ దిగదు. రోడ్డు దాటినప్పుడల్లా, తలనొప్పి వచ్చినప్పుడల్లా ఆ ఒట్టే గుర్తొస్తుంది. అవన్నీ ఉత్తుత్తి మాటలే తల్లీ అని నేను ఎంత చెప్పినా నమ్మదు. ఉత్తుత్తివే అయితే నా తల మీద ఎందుకు వేయించావని అడుగుతుంది.

"లేదు," అన్నాను. "నాన్న ఒక్క బాక్స్ కూడా ఓపెన్ చేయలేదు."

"రియల్లీ? నా తల మీద ఒట్టా?"

ఇందాక ఆయన నిలబడ్డ చోటే నేనూ నిలబడ్డాను. తప్పించుకోవడానికి అదే సందు, అదే మాట.

"నీ తల మీద ఒట్టు. నాన్న తన చేత్తో ఒక్కటి కూడా తెరవలేదు," అన్నాను.

అటువైపు అది గట్టిగా ఊపిరి వదిలింది. ఎన్నాళ్ళ నుంచి బిగబట్టిందో. తర్వాత గొంతు మారిపోయింది, మామూలు పిల్ల గొంతయింది.

"అయితే మనం పెద్దమ్మ దగ్గరికి వెళ్ళక్కర్లేదు కదా?"

తెరవకపోతే వెళ్ళం అని దానికి చెప్పింది నేనే. వెళ్తున్నాం అంటే తెరిచారని అర్థం.

"వెళ్ళక్కర్లేదు," అన్నాను.

ఫోన్ ఎక్కడో పడేసి అది స్విమ్‌సూట్ కోసం పరుగెత్తిన చప్పుడు వినిపించింది. మెట్ల మీద దడదడమని దిగిపోయింది. నేను టికెట్లు క్యాన్సిల్ చేసి లోపలికి వెళ్ళాను. ఆయన తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చుని ఉన్నారు, చేతులు ఖాళీగా మోకాళ్ళ మీద ఉన్నాయి. నా చేతిలో ఫోన్ చూసి, పాపతో ఏం చెప్పావని అడిగారు. మీరు తెరవలేదని చెప్పానన్నాను. ఆయన కళ్ళు తుడుచుకుని, నేను చెప్పానుగా అన్నారు. ఆయన పక్కన కూర్చున్నాను.